గాలిమరల కంటే ముందు కొండ మీద ఎవరున్నారు?

స్కాట్లాండ్‌లో గ్లాస్గో నగరం దాటి దక్షిణంగా వెళితే ఈగిల్‌షామ్ మిట్ట మీద 215 గాలిమరలు కనిపిస్తాయి. వైట్‌లీ అనే ఈ క్షేత్రం 2009లో మొదలైంది. రెండో విడత కూడా పూర్తయ్యాక దాని సామర్థ్యం 539 మెగావాట్లకు చేరింది. కొత్తగా చూసేవాళ్లకు అక్కడ గాలి, గడ్డి, గొర్రెలు తప్ప ఎప్పుడూ ఏమీ లేవేమో అనిపిస్తుంది. కానీ ఆ మిట్ట మీదే లాక్‌గోయిన్ అనే పాత రైతు ఇల్లు ఉంది. 17వ శతాబ్దంలో మత విషయాల్లో రాజు పెత్తనాన్ని ఒప్పుకోని కవెనంటర్లు తలదాచుకున్న ఇళ్లలో అదొకటి. వాళ్లను వెతుక్కుంటూ సైనికులు పలుమార్లు ఆ ఇంటి మీద పడ్డారు. తర్వాతి శతాబ్దంలో ఆ ఇంటి రైతు జాన్ హౌవీ పొలం పనులు చేసుకుంటూనే ఆనాటి బాధితుల జీవితాలను సేకరించి 1775లో పుస్తకంగా తెచ్చాడు. 'స్కాట్స్ వర్తీస్' పేరుతో అది తరతరాలుగా స్కాట్లాండ్ ఇళ్లలో చదువుకున్న పుస్తకం.

లాక్‌గోయిన్‌కు రాసేవాడు దొరికాడు. అలాంటి మిట్టల మీద బతికిన మిగతావాళ్లలో చాలామందికి చదువు లేదు, పట్టా లేదు, చివరికి పేరు కూడా మిగల్లేదు. వాళ్ల తాలూకు మిగిలినవి మోకాలెత్తు గోడలు, పొలంలోంచి ఏరి పోసిన రాళ్ల కుప్పలు, గడ్డి కప్పేసిన దొడ్లు. కోటలకూ చర్చిలకూ చరిత్రకారులు ఎప్పుడూ ఉన్నారు. ఈ దొడ్లను ఒక్కొక్కటిగా కొలిచి పటం మీద పెట్టే పని మాత్రం పెద్ద ఎత్తున మొదలైంది, కొండలకు కొత్త ఆపద వచ్చాకే. ముందు చెట్ల తోటలు, ఆ తర్వాత గాలిమరలు.

బ్రిటన్‌లో తొలి వాణిజ్య గాలిమరల క్షేత్రం 1991 డిసెంబరులో కార్న్‌వాల్ ప్రాంతంలోని డెలబోల్ దగ్గర, వ్యవసాయ భూమిలో పది మరలతో మొదలైంది. అంతకు ఏడాది ముందే, 1990 నవంబరులో, ఇంగ్లండ్‌కు పీపీజీ 16 అనే మార్గదర్శక పత్రం వచ్చింది. భూమిలో పాత అవశేషాలు ఉన్నాయని అనుమానం ఉంటే అనుమతి ఇచ్చే ముందే ఆ సంగతి తేల్చుకోవాలి. వీలైతే వాటిని కదపకుండా వదిలేయాలి. తప్పనిసరై పోగొట్టుకోవాల్సి వస్తే తవ్వి, కొలిచి, రాసిపెట్టే ఖర్చు కట్టడం కట్టేవాళ్లే భరించాలి. ఆ పత్రం సారాంశం ఇదే. దాని వెనక ఒక గొడవ ఉంది. 1989లో లండన్‌లో ఆఫీసు భవనం కోసం పునాదులు తీస్తుంటే, షేక్‌స్పియర్ తొలి నాటకాలు ఆడిన రోజ్ నాటకశాల అడుగు బయటపడింది. పేరున్న నటీనటులు వచ్చి యంత్రాలకు అడ్డంగా నిలబడ్డారు. చివరికి ఆ అవశేషాలను కింద ఉంచి పైన భవనం కట్టారు. అది చూశాక, అనుమతులన్నీ ఇచ్చేశాక నెత్తీనోరూ కొట్టుకోవడం కంటే ముందే చూసుకోవడం మేలని ప్రభుత్వానికీ నిర్మాణ సంస్థలకీ అర్థమైంది. 1994లో స్కాట్లాండ్‌కూ ఇలాంటి పత్రం వచ్చింది.

అంటే నాటకశాల కోసం పుట్టిన నియమం గొర్రెల కాపరుల కొండలకు అక్కరకొచ్చింది. మరలు కొండెక్కే వేళకు నియమం సిద్ధంగా ఉంది. ఈ రెండూ ఒకే కాలంలో రావడం బ్రిటన్ కొండల అదృష్టం.

ఇలా ముందే చూసుకునే పని పాత పటాలతో, బల్ల మీద మొదలవుతుంది. 1746లో కలోడెన్ యుద్ధంలో తిరుగుబాటుదారులను ఓడించాక, హైలాండ్స్ కొండల్లో దారులు తెలియక ఇబ్బంది పడిన సైన్యం కోసం విలియం రాయ్ బృందం 1747 నుంచి 1755 వరకు స్కాట్లాండ్ ప్రధాన భూభాగాన్ని పటంగా గీసింది. సైనికుల కోసం గీసినదే అయినా అందులో పల్లెలు, దున్నిన చేల గుర్తులు కనిపిస్తాయి. 19వ శతాబ్దపు ఆర్డ్‌నెన్స్ సర్వే పటాల్లో అవే పల్లెలు కొన్నిచోట్ల కప్పు లేని గోడలుగా మారిపోయాయి. రెండు పటాలనూ పక్కపక్కన పెడితే ఊరు ఏ కాలంలో ఖాళీ అయిందో సుమారుగా చెప్పొచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో వైమానిక దళం పైనుంచి తీసిన ఫొటోలు, ఇప్పటి లేజర్ కొలతలు కూడా తోడు పడతాయి. ఆ తర్వాత నడక. ఇద్దరు ముగ్గురు మనుషులు సమాన దూరంలో వరుసకట్టి కొండనంతా జల్లెడ పడతారు. శీతాకాలపు ఏటవాలు ఎండ ఈ పనికి అనువైనది. జానెడు ఎత్తు గట్టు కూడా నీడ పరుస్తుంది.

ముందుగా కంటపడేది సాధారణంగా ఊరి పొలానికీ కొండ బీడుకూ మధ్య కట్టిన పొడవాటి గోడ. అక్కడి రైతులు దాన్ని హెడ్ డైక్ అంటారు. కింద పంట, పైన పశువులు. పంట కాలంలో పశువు ఈ గోడ దిగకూడదు. గోడకు కింది వైపున వెడల్పాటి పాత సాళ్లు ఉబ్బెత్తు పట్టీల్లా కనిపిస్తాయి. వాటిలో పాతవి తిన్నగా ఉండవు, రెండు చివర్లా మెలి తిరుగుతాయి. బరువైన పాత నాగలికి ఎనిమిది ఎద్దుల దాకా కట్టేవారు. అంత పొడవు జట్టును చేను చివర ఒక్కసారిగా తిప్పలేరు కాబట్టి ముందునుంచే వంపు తిప్పుకుంటూ వచ్చేవారు. ఎద్దులు పోయి ఎన్నో తరాలైనా ఆ తిప్పుడు ఇంకా నేల మీదే ఉంది.

గోడకు పైన, ఏటి పక్కనో ఊట పక్కనో షీలింగులు ఉంటాయి. వేసవిలో పశువులను కొండ మేతకు తోలుకొచ్చి కాపలా ఉండే గుడిసెలు ఇవి. ఉండేది ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. మగవాళ్లు కింద పంటకు కాపలా. కొండ మీద పాలు పితికి, వెన్న తీసి, జున్ను చేసి దింపేవారు. కౌలు కట్టడానికి అదే ఆధారమైన చోట్లు ఎన్నో. ఏటా గడ్డి మట్టితో గోడను మళ్లీ పైకి లేపుకునేవారు. పాత గోడ కూలిన చోటే కొత్తది లేవడంతో కొన్ని గుడిసెల కింద దిబ్బ పెరిగిపోయింది. 18వ, 19వ శతాబ్దాల్లో భూస్వాములు కౌలు రైతులను ఖాళీ చేయించి పెద్ద గొర్రెల మందలను దించినప్పుడు ఈ అలవాటు చాలాచోట్ల అంతరించింది. లూయిస్ దీవిలో మాత్రం 20వ శతాబ్దంలోకీ సాగింది.

షీలింగును కనిపెట్టడానికి సర్వే మనుషులకు ఒక తేలిక గుర్తుంది. చుట్టూ గోధుమరంగు గరుకు గడ్డి ఉంటే అక్కడ మాత్రం పచ్చగా, మెత్తగా ఉంటుంది. వందల ఏళ్ల కింద పశువులు వేసిన పేడ బలం అది. రాజుల శాసనం ఒక్కటీ లేని చోట పేడ సాక్ష్యం చెబుతోంది!

వీటి కంటే పాతవీ ఉన్నాయి. క్రీస్తుకు వెయ్యీ రెండు వేల ఏళ్ల ముందు నాటి గుండ్రటి ఇళ్ల పునాదులు ఇప్పుడు ఎవరూ దున్నని ఎత్తుల్లో దొరుకుతాయి. వాటి వాకిళ్లు తరచుగా ఆగ్నేయం వైపే ఉంటాయి. నీటి పక్కన నిప్పుకు పగిలిన రాళ్ల దిబ్బలు కనిపిస్తాయి. ఎర్రగా కాల్చిన రాళ్లను నీళ్లలో వేసి మరిగించేవారన్నది అందరూ ఒప్పుకునే మాట. వంట కోసమా, స్నానానికా, తోళ్ల పనికా అన్నదాని మీద మాత్రం వాదం తెగలేదు.

అసలు చిక్కు కంటికి కనపడని వాటితో. ఈ కొండల్లో చాలా చోట్ల పైన పీట్ పరుచుకుని ఉంటుంది. తడికి కుళ్లిపోని నాచు, గడ్డి వేల ఏళ్లుగా పొరలు కట్టి ఏర్పడిన నల్లటి నేల అది. దాని కింద ఏముందో తెలియాలంటే ఐర్లండ్‌లోని మాయో ప్రాంతపు కథ చూడాలి. 1930లలో బెల్డెరిగ్ ఊరి బడి పంతులు ప్యాట్రిక్ కాల్‌ఫీల్డ్, వంటచెరకుగా పీట్ కోస్తుంటే లోతున వరుసగా పేర్చిన రాళ్లు తగులుతున్నాయని గమనించి జాతీయ మ్యూజియానికి రాశాడు. ఆయన కొడుకు షేమస్ పెద్దయ్యి పురావస్తు శాస్త్రవేత్త అయ్యాడు. 1970ల నుంచి ఆ నేలలోకి పొడవాటి ఇనుప కడ్డీలు దించుతూ, రాయి తగిలిన చోటల్లా గుర్తు పెడుతూ, తవ్వకుండానే మైళ్ల కొద్దీ గోడలను పటం గీశాడు. అవే కేడ్ ఫీల్డ్స్. వాటి వయసు 5,500 ఏళ్లకు పైనే అని ఆయన లెక్క. అంత పాతవి కావని ఈమధ్య కొందరు వాదించారు. పశువులను తోలుకునే రైతులు ఆ గోడలు కట్టారన్నది మాత్రం నిలిచింది. ఐర్లండ్ తొలి వాణిజ్య గాలిమరల క్షేత్రం 1992లో మొదలైంది కూడా ఆ మాయోలోనే, బెల్లకారిక్ బురదనేల మీద.

పీట్‌ను కదిపితే ఏమవుతుందో 2003లో గాల్వే ప్రాంతపు డెర్రీబ్రయన్ చూపించింది. గాలిమరల పనులు జరుగుతుండగా కొండవాలు జారి, నల్లటి బురద వాగుల్లోకి దిగింది. ముందస్తు అంచనా సరిగా చేయలేదని ఐర్లండ్ మీద యూరప్ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది, ఆ తర్వాత జరిమానా కూడా వేసింది. మర స్తంభం ఆక్రమించే చోటు చిన్నదే. దాన్ని చేర్చే రోడ్డు, క్రేను నిలిచే చదును, కంకర తీసే గుంత, కేబుల్ కాలువ కొండను కోసేస్తాయి. వైట్‌లీలో ఇలాంటి దారులు దాదాపు 130 కిలోమీటర్లు. పాత గోడలు పోయేది చాలావరకు ఇక్కడే.

అందుకే నడక ముందు జరగాలి. అనుమతి పత్రాల్లో తరచుగా మరను 50 మీటర్ల వరకు జరుపుకునే వీలు ఇస్తారు. గీత కాగితం మీద ఉండగా ఒక షీలింగును తప్పించడానికి పెద్దగా ఖర్చు కాదు. తప్పించలేని చోట తవ్వి చూస్తారు. పని మొదలయ్యాక, పళ్లు లేని బకెట్‌తో ప్రొక్లెయిన్ పైమట్టి తీస్తుంటే పురావస్తు మనిషి పక్కనే వానలో నిలబడి కనిపెట్టుకుని ఉంటాడు. చాలా రోజులు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదన్నదీ రాసిపెడతారు.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. సర్వే చేసేవాళ్లకు జీతమిచ్చేది మర పెట్టే సంస్థే కాబట్టి, స్థానిక ప్రభుత్వపు పురావస్తు అధికారి గట్టిగా లేని చోట పని మొక్కుబడి అవుతుంది. నివేదికలు ఎవరూ చదవని దస్త్రాలుగా పడి ఉంటాయి. రాసిపెట్టిన గోడ, నిలబడి ఉన్న గోడ ఒకటి కావు. అయినా ఆ దస్త్రాలన్నీ కలిపి చూస్తే, చరిత్ర పుస్తకాలు పట్టించుకోని పశువుల కాపరుల బతుకు ఇంత వివరంగా ఇంకెక్కడా దొరకదు.

ఇదంతా తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. రాయలసీమలోని రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. ఆ తర్వాత అనంతపురం, కర్నూలు, కడప మిట్టల మీదికీ వ్యాపించాయి. ఆ రామగిరి దగ్గరే బంగారం కోసం పూర్వులు తవ్విన గుంతలు ఉన్నాయి. కళ్యాణదుర్గం వైపు పాలవాయిలో కొత్త రాతియుగపు బూడిద దిబ్బ ఉంది. బళ్లారి నుంచి పాలమూరు దాకా ఇలాంటి దిబ్బలు ఎన్నో. జనం వీటిని రాక్షసుల బూడిద అన్నారు. 19వ శతాబ్దంలో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఇది కాలిన పేడ అన్నాడు. 1957లో పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వి, అది పశువుల మంద దొడ్డి అని తేల్చాడు. ఆ బూడిదలో పశువుల గిట్టల అచ్చులు దొరికాయి. స్కాట్లాండ్ షీలింగు పచ్చగడ్డి చెప్పిన కథే, నాలుగు వేల ఏళ్ల పైబడిన కథే, ఇక్కడ బూడిద చెబుతోంది.

తేడా చట్టంలో ఉంది. మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. అటవీ భూమి అయితే అటవీ అనుమతి కావాలి, అంతే. 2010లో సవరించిన పురావస్తు చట్టం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అంటుంది. జాబితాకెక్కని రాకాసి గుళ్లు అనే పెద్ద రాళ్ల సమాధులు, వీరగల్లులు, గొర్రెల రొప్పాలు ఏ గీత లోపలికీ రావు. కొండెక్కే రోడ్డుకు ముందు అక్కడ ఎవరైనా నడిచి చూడాలన్న నియమమే లేదు.

చేతకాక కాదు. నాగార్జునసాగర్ ఆనకట్ట వస్తుందని తెలిశాక, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ నాగార్జునకొండ లోయను వెతికి తవ్వింది. ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధ విహారాలే లక్ష్యం అనుకుంటే అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. లోయంతా చూశారు గనుకే కొత్త రాతియుగపు నివాసాలు, పెద్ద రాళ్ల సమాధులు కూడా లెక్కలోకి వచ్చాయి. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ నిలబెట్టారు. శ్రీశైలం జలాశయం నిండకముందు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి మార్చారు. గుడికి జరిగిన ఈ మర్యాద దొడ్డికి ఇంకా దక్కలేదు.

దక్కించుకునే అవకాశం ఇప్పుడుంది. డెలబోల్‌లో ఆ తొలి పది మరలను 2010 ప్రాంతంలో తీసేసి నాలుగు పెద్ద మరలు పెట్టారు. భారత ప్రభుత్వమూ పాత మరల స్థానంలో పెద్దవి పెట్టే విధానాన్ని 2016లో ప్రకటించి 2023లో సవరించింది. 1990ల నాటి చిన్న మరలకు ఆ వయసు వచ్చేసింది. పెద్ద మరకు పొడవైన రెక్క, దాన్ని మోసే లారీకి వెడల్పైన రోడ్డు, లోతైన పునాది కావాలి. అంటే కొండను మళ్లీ కోస్తారు. ఆ అనుమతి పత్రంలో ఒక నడక, ఒక పటం, ప్రొక్లెయిన్ పక్కన ఒక మనిషి అన్న షరతు చేర్చడం రాష్ట్ర ప్రభుత్వాలు చేయగలిగిన పని. ఆ నడకలో ముందు వెంట తీసుకెళ్లాల్సింది అక్కడి గొల్లలనూ కురుబలనూ. ఏ గుట్ట మీద రాకాసి గుడి ఉందో, ఏ వాలులో పాత రొప్పం ఉందో వాళ్లకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు.