రెండు కేసుల మధ్య వ్యవధి: 108, అగ్నిమాపక సిబ్బంది ఆరోగ్య రక్షణపై ఒక పరిశీలన

సారాంశం

ప్రమాద స్థలానికి అందరికంటే ముందు చేరే 108, అగ్నిమాపక సిబ్బంది ఆరోగ్యాన్ని వారి మనోధైర్యానికే వదిలేయడం సరికాదని ఈ వ్యాసం వాదిస్తుంది. వారి దేహం మీద, మనసు మీద పడే భారంలో చాలా భాగం డ్యూటీ చార్టులో, సామగ్రి నిర్వహణలో, ఒక కేసు ముగిసి మరొకటి మొదలయ్యే వ్యవధిలో పోగవుతుంది. కాబట్టి రక్షణ ఏర్పాట్లు కూడా అక్కడే మొదలుకావాలి. అంతర్జాతీయ పరిశోధనల్లో తేలిన విషయాలను తెలుగు రాష్ట్రాల పని పరిస్థితులతో కలిపి చూసి, అమలు చేయదగిన కొన్ని మార్పులను ఈ వ్యాసం సూచిస్తుంది.

కీలకపదాలు: 108 సేవ, అగ్నిమాపక శాఖ, వృత్తిపర ఆరోగ్యం, మానసిక గాయం, సహచర మద్దతు

1. ప్రవేశిక

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ సేవ నేడు తెలుగు నేల మీద ప్రతి పల్లెకూ తెలుసు. బండికి ఇద్దరు ఉంటారు. నడిపే వ్యక్తిని పైలట్ అంటారు, వెనక రోగిని చూసుకునే వ్యక్తిని ఈఎంటీ అంటారు. ఫోన్ వచ్చిన ఎన్ని నిమిషాలకు బండి చేరింది, ఎంతమందిని ఆసుపత్రికి చేర్చింది అన్న లెక్కలతోనే ఈ సేవను తూకం వేస్తుంటాం. ఆ నిమిషాలను సాధించిన మనుషులు ఎలా ఉన్నారన్న ప్రశ్నకు ఆ లెక్కల్లో చోటు తక్కువ. పని గంటలు, జీతాలు ఉద్యోగ సంఘాల డిమాండ్లలో తరచూ వినిపిస్తాయి. వాటిని కార్మిక సమస్యగా మాత్రమే చూస్తున్నాం. అవి ఆరోగ్య సమస్యలు కూడా.

2. దేహం మోసే భారం

అగ్నిమాపక సిబ్బందికి ప్రమాదం మంటల దగ్గరే ఉంటుందని అనుకుంటాం. అది మంటలు ఆరాక కూడా వారి వెంటే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అంటే, ఆ వృత్తిలో ఎదురయ్యే కాలుష్యం మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందనడానికి తగిన ఆధారాలు ఉన్నాయని తేల్చింది. ప్లాస్టిక్, ఫోమ్, రంగులు, వైర్లు కాలినప్పుడు వచ్చే మసి కోటుకు, గ్లవ్స్‌కు, మెడ మీది చర్మానికి అంటుకుంటుంది. ఆ కోటును తడిపి తుడవకుండా బండిలో పడేసి, స్టేషన్‌కు వచ్చాక సిబ్బంది పడుకునే గదిలోనే కొక్కేనికి తగిలిస్తే, మంటల దగ్గర గంటసేపు పీల్చిన విషాన్ని రాత్రంతా మళ్లీ పీల్చినట్టే. మంట ఆరాక శిథిలాలను కదిపే దశ కూడా ప్రమాదకరమే. పొగ పలచబడిందన్న ధీమాతో శ్వాస పరికరం తీసేసేది అప్పుడే.

గుండె సంగతి మరింత తీవ్రం. అమెరికాలో స్టెఫనోస్ కేల్స్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మంటలార్పే పని ఆ సిబ్బంది డ్యూటీ సమయంలో 1 నుంచి 5 శాతమే. గుండె రక్తనాళాల జబ్బుతో డ్యూటీలో సంభవించిన మరణాల్లో మాత్రం 32 శాతం ఆ పనితోనే ముడిపడి ఉన్నాయి. నిద్రలోంచి ఉలిక్కిపడి లేవడం, వెంటనే బరువైన దుస్తుల్లో ఎండనూ మంటనూ ఎదుర్కోవడం, ఒంట్లో నీరు తగ్గిపోవడం కలిసి అప్పటికే బలహీనపడిన గుండెను దెబ్బతీస్తాయి. ఉద్యోగంలో చేరిననాడు చేసిన వైద్య పరీక్షతో సరిపెట్టకూడదనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

108 సిబ్బంది దేహం మరోలా అరుగుతుంది. ఇరుకు మెట్ల మీదుగా, పొలం గట్ల మీదుగా రోగిని మోసి మోసి నడుము దెబ్బతింటుంది. కుదుపుల మధ్య సెలైన్ పెడుతుండగా సూది గుచ్చుకోవచ్చు. హెపటైటిస్-బి టీకా ముందే వేయించడం, హెచ్‌ఐవీ అనుమానం ఉంటే 72 గంటల్లోగా నివారణ మందులు మొదలుపెట్టడం తప్పనిసరి. రాత్రి డ్యూటీలతో కూడిన షిఫ్టు పనిని క్యాన్సర్‌కు బహుశా కారణమయ్యే వాటిలో ఒకటిగా పైన చెప్పిన సంస్థే 2007లో వర్గీకరించి, 2019లో మళ్లీ ధ్రువీకరించింది.

3. మనసు మోసే భారం

అర్ధరాత్రి పురుగుమందు తాగిన మనిషిని బండెక్కించారనుకుందాం. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోరు శుభ్రం చేస్తూ, ఆక్సిజన్ పెట్టి, బంధువుల ఏడుపుల మధ్య ఈఎంటీ ఆ మనిషి నాడి పట్టుకుని కూర్చుంటారు. క్యాజువాలిటీలో స్ట్రెచర్ దించి, కాగితం మీద సంతకం తీసుకుని, బయటికొచ్చి బండి కడుగుతారు. మందు వాసన ఓ పట్టాన వదలదు. బండి సిద్ధమని పైలట్ చెప్పగానే మరో కేసు రావచ్చు. ఆ మనిషి బతికాడో లేదో వారికి చాలాసార్లు తెలియదు. చేసిన పనికి ఫలితం తెలియకపోవడం, బండి ఆలస్యమైందని జనం చేసే నిందలు, ఒక్కోసారి బండిలో ఉన్నది తెలిసినవాళ్ల బిడ్డే కావడం, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.

ఇలా పేరుకునే గాయాన్ని వైద్యశాస్త్రం గుర్తించింది. 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన వర్గీకరణలో పీటీఎస్‌డీని, అంటే మానసిక గాయం తర్వాత వచ్చే ఒత్తిడి రుగ్మతను, చేర్చింది. 2013 నాటి ఐదో కూర్పు, వృత్తిరీత్యా భయానక దృశ్యాలకు, వివరాలకు పదేపదే లోనుకావడం కూడా ఈ రుగ్మతకు దారితీయగలదని స్పష్టం చేసి, మానవ అవశేషాలను సేకరించే తొలి సహాయకులను ఉదాహరణగా చూపింది. అందరికీ ఈ రుగ్మత రాదు. నిద్ర పట్టకపోవడం, ఇంట్లో అకారణ కోపం, మద్యం వైపు మళ్లడం, రోగి పట్ల మొద్దుబారిపోవడం వంటివి దానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. తేలిగ్గా కొట్టిపారేసేదీ వీటినే.

4. డీబ్రీఫింగ్ అనుభవం నేర్పిన పాఠం

ఘోర ఘటన జరిగిన రెండు మూడు రోజుల్లో సిబ్బందిని కూర్చోబెట్టి చూసిందంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతిని జెఫ్రీ మిచెల్ 1983లో అమెరికాలో ప్రతిపాదించారు. సదుద్దేశంతో వచ్చిన ఆ పద్ధతి అనేక దేశాలకు వ్యాపించింది. అయితే ఒక్క విడత డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని నివారిస్తుందనడానికి ఆధారం లేదని 2002 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ సమీక్షలోని ప్రయోగాల్లో ఎక్కువ భాగం విడివిడి బాధితుల మీద జరిగినవి, సిబ్బంది బృందాల మీద కాదు. ఈ పరిమితిని గుర్తుంచుకోవాలి. అయినా 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇటీవలే బాధాకర ఘటనకు లోనైనవారిలో మానసిక లక్షణాలను నివారించేందుకు ఈ పద్ధతిని వాడవద్దనే సూచించింది.

అంటే మౌనంగా భరించమని కాదు. బ్రిటన్ రాయల్ మెరీన్స్‌లో రూపుదిద్దుకున్న ట్రిమ్ పద్ధతిలో శిక్షణ పొందిన తోటి ఉద్యోగి, ఘటన జరిగిన మూడు రోజుల తర్వాత ఒకసారి, నెల గడిచాక మరోసారి సహచరుణ్ణి పలకరించి పరిస్థితి గమనిస్తారు. లక్షణాలు తగ్గకపోతే నిపుణుల దగ్గరికి పంపిస్తారు. బలవంతంగా చెప్పించడానికీ, అందుబాటులో ఉండి కనిపెట్టుకుని ఉండడానికీ మధ్య తేడాను గుర్తించడమే ఈ పరిశోధనల సారం.

5. చేయవలసినవి

మొదటిది, తీవ్రమైన కేసు తర్వాత విరామం. పసిబిడ్డ మరణం, సామూహిక ప్రమాదం, సహోద్యోగికి గాయం వంటి సందర్భాల్లో బండి శుభ్రం చేసుకుని, నీళ్లు తాగి, సూపర్‌వైజర్‌తో మాట్లాడే వరకు ఆ జంటకు కొత్త కేసు ఇవ్వకూడదు. ఆ సమయంలో మరో రోగి ఎదురుచూడాల్సి వస్తుందన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి పరిష్కారం రిజర్వు సిబ్బందిని నియమించడం. అలసిన మనిషితో బండి నడిపించడం వల్ల ఆ రోగికి మేలు జరగదు.

రెండోది, ఉద్యోగి వెంటే సాగే ఆరోగ్య రికార్డు. 108 సిబ్బందిలో అత్యధికులు నిర్వహణ సంస్థల కింద పనిచేసేవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ ఒకటికి మించి సార్లు మారింది. క్యాన్సర్ బయటపడటానికి దశాబ్దాలు పట్టవచ్చు. అప్పటికి ఎప్పుడు, ఎక్కడ, ఏ విషానికి గురయ్యారో నిరూపించే కాగితం ఎవరి దగ్గరా మిగలదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో రసాయన కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి కమ్మినప్పుడు, ప్రత్యేక సామగ్రితో దళాలు చేరేలోపే పోలీసులు, అంబులెన్స్ సిబ్బంది జనాన్ని మోసుకొచ్చారు. అలాంటి ప్రతి ఘటనలో ముందువరసలో నిలిచినవారి పేర్లు ప్రభుత్వమే నమోదు చేసి, ఏటా వైద్య పరీక్షలు చేయించాలి.

మూడోది, గోప్యత. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్నంతకాలం ఏ సహాయ కేంద్రానికీ సిబ్బంది వెళ్లరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ గోప్యతను హక్కుగా గుర్తించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ ఫోన్ సేవ ద్వారా 14416 నంబరులో తెలుగులోనూ మానసిక సాయం దొరుకుతుంది. ఈ రెండింటినీ ప్రతి స్టేషన్‌లో, ప్రతి బండిలో తెలియజేయాలి.

ఇక కోట్లను ఘటనా స్థలంలోనే కడగడం, మార్చుకోవడానికి రెండో జత ఇవ్వడం, చేర్చిన రోగి ఏమయ్యాడో ఆసుపత్రి నుంచి సిబ్బందికి తెలిసేలా చూడటం పెద్ద ఖర్చులేని పనులు. వీటికి జాప్యం అక్కర్లేదు.

6. ముగింపు

తొలి సహాయకుల ఆరోగ్యాన్ని సన్మానాలు, శాలువాలు కాపాడలేవు. ఒకరోజు కౌన్సెలింగ్ శిబిరాలూ కాపాడలేవు. విశ్రాంతి, శుభ్రమైన సామగ్రి, క్రమం తప్పని పరీక్ష, తోటి ఉద్యోగి పలకరింపు, చెక్కుచెదరని రికార్డు, ఇవన్నీ డ్యూటీలో భాగం కావాలి. నిర్వహణ ఒప్పందాల్లో బండి చేరాల్సిన నిమిషాలను షరతుగా రాసుకున్నట్టే సిబ్బంది విశ్రాంతినీ వైద్య పరీక్షలనూ షరతులుగా రాయాలి. ఆ షరతును ఉల్లంఘించిన సంస్థకు జరిమానా పడిన రోజున, వారి ఆరోగ్యం నిజంగా ప్రభుత్వ బాధ్యత అయిందని చెప్పుకోవచ్చు.