చేతికి తొడిగే మర్దన యంత్రం

మర్దన చేసేవారు తమ చేతి వెనుక భాగాన పట్టీలతో తగిలించుకునే చిన్న విద్యుత్ మోటారు ఇది. మోటారు అదిరితే చెయ్యి అదురుతుంది. ఆ అదురు వేళ్ల కొసల గుండా ఎదుటి మనిషి తలకో, మెడకో, భుజాలకో చేరుతుంది. రబ్బరు బొడిపె ఉన్న పిడి యంత్రాల్లో ఒంటిని తాకేది యంత్రం. ఇందులో తాకేవి మనిషి వేళ్లు. కండరం ఎక్కడ బిగుసుకుందో, ఎంత నొక్కితే హాయిగా ఉంటుందో చెయ్యి తడిమి తెలుసుకుంటూనే ఉంటుంది. తెలుగు ఊళ్లలోని సెలూన్లలో దీన్ని మసాజ్ మిషన్ అనో వైబ్రేటర్ అనో అంటారు. తలకు నూనె పెట్టి మర్దన చేసేటప్పుడు, గడ్డం పని అయ్యాక మెడ, భుజాలు పట్టేటప్పుడు ఇది చేతికెక్కుతుంది.

ఈ యంత్రంలో వచ్చిన మార్పులన్నీ ఒకే చిక్కు చుట్టూ తిరిగాయి. అదురు ఎదుటివారికి నిండుగా చేరాలి, కట్టుకున్న చేతికి మాత్రం వీలైనంత తక్కువ తగలాలి. మధ్యలో ఉన్నది ఒక్క చెయ్యే కాబట్టి ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి.

యంత్రానికి ముందు

మర్దనలో కంపనం యంత్రాలతో పుట్టలేదు. పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో స్థాపించిన వ్యాయామ విద్యాసంస్థ నుంచి వ్యాపించిన స్వీడిష్ పద్ధతిలో, వేళ్లను ఒంటికి ఆనించి చేతిని సన్నగా వణికించడం ఒక ప్రత్యేక ప్రక్రియ. ఎంత చెయ్యి తిరిగినవారికైనా అది ఎక్కువసేపు సాగదు, ముంజేయి త్వరగా అలసిపోతుంది. ఆ అలసటను యంత్రానికి అప్పగించాలన్న ఆలోచన 19వ శతాబ్దిలోనే వచ్చింది. గుస్తావ్ జాండర్ 1865లో స్టాక్‌హోంలోనే వ్యాయామ యంత్రాలతో చికిత్సాలయం తెరిచాడు. అమెరికాలో జార్జ్ టేలర్ అనే వైద్యుడు 1860ల చివరికి ఆవిరితో నడిచే మర్దన బల్లను తయారుచేశాడు. 1880ల తొలినాళ్లలో లండన్ వైద్యుడు జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ బ్యాటరీతో నడిచే చిన్న సుత్తిలాంటి పరికరాన్ని నరాల నొప్పులకు వాడి, 1883లో దాని మీద పుస్తకం వేశాడు.

గ్రాన్‌విల్ పేరు ఎత్తగానే ఒక కథ వినిపిస్తుంది. ఆనాటి వైద్యులు ఇలాంటి పరికరాలను స్త్రీల హిస్టీరియాకు లైంగిక చికిత్సగా వాడేవారని 1999లో వచ్చిన రేచెల్ మేన్స్ పుస్తకం చెప్పింది, ఆ మాట లోకమంతా పాకింది. 2018లో హాలీ లీబర్‌మన్, ఎరిక్ షాట్జ్‌బర్గ్ ఆ పుస్తకం చూపిన ఆధారాలను తిరగేసి, అవి ఆ మాటను నిలబెట్టడం లేదని చూపించారు. స్త్రీలకు దీన్ని వాడకుండా తప్పించుకున్నానని గ్రాన్‌విల్ స్వయంగా రాసుకున్నాడు. ఈ పరికరాల చరిత్ర రాసేవారు ఇకనైనా ఆ కథను పక్కన పెట్టాలి.

ఈ తొలి యంత్రాలన్నిటిలోనూ చేతికి చోటు లేదు. మర్దన చేసేవాడి పని యంత్రాన్ని నడపడమే.

రసీన్ పట్టణం, చిన్న మోటార్లు

చేతి మీద మోయగలిగేంత తేలికైన మోటారు వచ్చేదాకా ఈ యంత్రం పుట్టే వీలు లేకపోయింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న రసీన్ పట్టణం చిన్న మోటార్లకు పేరుపడింది. 1910లో అక్కడ మొదలైన హామిల్టన్ బీచ్ కంపెనీ తొలి సరుకు చేత్తో పట్టుకునే మర్దన యంత్రమే. వేగంగా తిరిగే తేలికపాటి యూనివర్సల్ మోటారు ఆ కంపెనీ బలం. ఈ రకం మోటారు ఏసీ మీదా డీసీ మీదా నడుస్తుంది. ఒక వీధికి ఒక రకం కరెంటు, పక్క వీధికి ఇంకో రకం వస్తున్న రోజుల్లో అది చాలా పెద్ద సదుపాయం.

అదే ఊళ్లో 1922లో మాథ్యూ ఆండిస్, 1924లో జాన్ ఆస్టర్ వెంట్రుకలు కత్తిరించే మిషన్ల కంపెనీలు పెట్టారు. పక్కనే ఉన్న ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టెర్లింగ్‌లో లియో వాల్ కథ ఇంకా ముచ్చటైనది. 1911 ప్రాంతంలో, ఇంకా చదువుకుంటున్న వయసులోనే విద్యుదయస్కాంతంతో కొట్టుకునే మర్దన యంత్రం తయారుచేసి, వాటిని క్షురకులకు అమ్ముతూ తిరిగాడు. వాళ్లకు మంచి క్లిప్పరు కావాలని అలా తిరుగుతున్నప్పుడే గ్రహించాడు. ఈనాడు సెలూన్ అద్దం ముందు కనిపించే ట్రిమ్మరూ, మసాజ్ మిషనూ ఒకే ఇంటి బిడ్డలు. రెండిటికీ కొనుగోలుదారు క్షురకుడే.

చేతి వెనక్కి చేరిన మోటారు

పిడి యంత్రంతో క్షురకుడికి పెద్ద ఇబ్బంది ఉంది. తల గుండ్రంగా ఉంటుంది, చెవుల వెనక, మెడ వంపులో బొడిపె సరిగ్గా ఆనదు. పైగా అతని వృత్తి నైపుణ్యమంతా వేళ్లలో ఉంటుంది. మోటారును వేళ్ల దారిలోంచి తప్పించి చేతి వెనక పెట్టడం దీనికి విరుగుడు. ఆస్టర్ కంపెనీ స్టిమ్-యు-లాక్స్ పేరుతో అమ్మిన యంత్రం ఈ తరహాకు ప్రామాణిక రూపంగా నిలిచిపోయింది. రెండో ప్రపంచ యుద్ధానికి అటూ ఇటూ అమెరికన్ క్షురకశాలల్లో బాగా వాడుకలోకి వచ్చిన ఈ నమూనా, పెద్దగా రూపు మారకుండా దశాబ్దాలు సాగింది.

దాన్ని దగ్గరగా చూస్తే రూపకర్త తెలివి ఎక్కడుందో తెలుస్తుంది. మోటారు నేరుగా చేతి మీద కూర్చోదు. చేతి మీద ఆనేది ఒక లోహపు చట్రం, మోటారు అందులో స్ప్రింగుల ఆధారంతో వేలాడుతుంది. చట్రం కింద, అరచేతి వైపు, దగ్గర దగ్గరగా చుట్టిన స్ప్రింగు తీగలే పట్టీలు. లావుపాటి చేతికీ సన్నపాటి చేతికీ అవే సాగి పట్టుకుంటాయి. బకిల్ పెట్టడం, ముడి వేయడం అక్కర్లేదు, చెయ్యి లోపలికి దూర్చితే చాలు. రెండో చేతిలో దువ్వెనో తువ్వాలో ఉండే మనిషికి ఆ విలువ తెలుస్తుంది.

స్ప్రింగు పట్టీకి లోపాలు లేకపోలేదు. చుట్టల సందుల్లో చర్మమూ, చేతి మీది రోమాలూ నలుగుతాయి. నూనె, కత్తిరించిన వెంట్రుకల ముక్కలు చేరితే శుభ్రం చేయడం కష్టం. రబ్బరు, నైలాన్ పట్టీలు, ఆ తరవాత వెల్క్రో పట్టీలు వీటి కోసమే వచ్చాయి. వెల్క్రోను విప్పి ఉతకవచ్చు గానీ దాని పళ్లలో వెంట్రుకలు ఇరుక్కుని పట్టు తప్పుతుంది. రోజుకు పదిమంది తలలు ముట్టుకునే చేతికి స్ప్రింగును మించిన పట్టీ ఇంతవరకు రాలేదనే చెప్పాలి.

ఇరుసు ఏ దిక్కుకు ఉండాలన్నది మరో నిర్ణయం. మోటారు ఇరుసు అరచేతికి నిలువుగా ఉంటే చెయ్యి తన తలంలోనే గుండ్రంగా కదులుతుంది, చర్మాన్ని రుద్దినట్టు ఉంటుంది. ఇరుసును చేతి వెనుక భాగానికి సమాంతరంగా పడుకోబెడితే చెయ్యి పైకీ కిందికీ కూడా లేస్తుంది, తట్టినట్టు ఉంటుంది. ఆస్టర్ యంత్రం గుండ్రటి కదలికనూ తట్టడాన్నీ కలిపి ఇస్తుందని తయారీదారులు చెప్పుకున్నారు. తలకు రుద్దడం, భుజాలకు తట్టడం నప్పుతాయి కనుక ఆ కలయిక క్షురకుడి పనికి సరిపోయింది.

అదురు లెక్క

ఇరుసుకు ఒక పక్కకే బరువు బిగిస్తే మోటారు అదురుతుంది. బట్టలన్నీ ఒక పక్కకు చేరినప్పుడు వాషింగ్ మెషీన్ ఎగిరిపడేది ఇందువల్లే. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మోటారును ఇంకా వేగంగా తిప్పితే యంత్రం ఇంకా ఎక్కువ దూరం ఊగుతుందని అనుకుంటారు. స్ప్రింగుల మీద వేలాడే యంత్రం తన సహజ పౌనఃపున్యాన్ని, అంటే కదిపి వదిలితే తనంతట తాను ఊగే వేగాన్ని, బాగా దాటి తిరిగేటప్పుడు ఊగే దూరం వేగం మీద ఆధారపడదు. పక్క బరువును, ఇరుసు నుంచి దాని దూరంతో గుణించి, కదిలే మొత్తం బరువుతో భాగిస్తే ఊగే దూరం వస్తుంది. ఉదాహరణకు కదిలే బరువు 1 కిలో, పక్క బరువు 20 గ్రాములు, అది ఇరుసుకు 1 సెంటీమీటరు దూరంలో ఉంటే ఊగేది మధ్యస్థానం నుంచి 0.2 మిల్లీమీటర్లు. సెకనుకు 50 చుట్లయినా 100 చుట్లయినా అంతే. వేగం రెట్టింపైతే నాలుగింతలయ్యేది త్వరణం. 50 చుట్ల దగ్గర అది సుమారు 20 మీటర్లు/సెకను², 100 దగ్గర సుమారు 80. అంటే వేగం పెంచినకొద్దీ ఎదుటివారికి అందే ఊపు పెరగదు, చేతికి తగిలే దెబ్బ మాత్రం పెరుగుతుంది. లోతైన కండరాన్ని కదపాలంటే బరువైన పక్క బరువూ, నెమ్మది వేగమూ కావాలి. మంచి యంత్రాలు బరువుగా ఉండడానికి కారణం ఇదే.

శరీరం వైపు నుంచీ వేగానికి హద్దులున్నాయి. చర్మం లోతుల్లో ఉండే పాసీనియన్ కణికలు 250 హెర్ట్జ్ దరిదాపుల్లో అతి సున్నితంగా స్పందిస్తాయి. ఆ వేగంలో ఝుమ్మన్న అనుభూతి బాగుంటుంది గానీ కండరం పెద్దగా కదలదు. 1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఎక్‌లుండ్, హాగ్‌బార్త్ ఇంకో సంగతి వెల్లడించారు. కండరం మీదో దాని స్నాయువు మీదో వేగవంతమైన కంపనం పెడితే ఆ కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. వదులు చేద్దామని పెట్టిన యంత్రమే బిగించగలదన్న మాట. ఒకేచోట ఆనించి ఉంచకుండా చేతిని జరుపుతూ ఉండాలని అనుభవజ్ఞులు చెప్పే మాటకు ఇది కూడా బలం చేకూరుస్తుంది.

కట్టుకున్న చేతి సంగతి

మర్దన చేయించుకునేవారికి యంత్రం కొన్ని నిమిషాలే. చేసేవారికి రోజూ ఉంటుంది. అదిరే పనిముట్లు చేతుల్ని ఎలా పాడుచేస్తాయో తేల్చిన పాత అధ్యయనాల్లో అమెరికన్ వైద్యురాలు ఆలిస్ హామిల్టన్‌ది ముఖ్యమైనది. 1918లో ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ సున్నపురాయి గనుల ప్రాంతంలో, గాలి సుత్తులు వాడే రాళ్లు కొట్టేవారి వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారడాన్ని ఆమె నమోదు చేసింది. బ్రిటన్ 1985లో దీన్ని వృత్తి సంబంధ వ్యాధిగా గుర్తించింది. ఐరోపా సమాఖ్య 2002 నాటి ఆదేశం ప్రకారం ఎనిమిది గంటల పనిదినానికి సగటు చేతి కంపనం 2.5 మీటర్లు/సెకను² దాటితే యజమాని చర్యలు తీసుకోవాలి, 5 దాటకూడదు. పౌనఃపున్యాన్ని బట్టి తగ్గించి లెక్కించే విలువలివి. పైన చూపిన ఉదాహరణ యంత్రాన్ని సెకనుకు 50 చుట్ల వేగం దగ్గర ఈ పద్ధతిలో లెక్కిస్తే, రోజు మొత్తం మీద గంటసేపు వాడినప్పుడు మొదటి హద్దుకు కొద్దిగా లోపలే ఉంటుంది. రెండు మూడు గంటలు వాడితే దాటిపోతుంది. గాలి సుత్తితో పోల్చదగిన ప్రమాదం లేదు గానీ, వేళ్లే జీవనాధారమైన మనిషి విషయంలో దీన్ని తేలిగ్గా తీసుకోవడం న్యాయం కాదు. చేతులు మార్చుకోవడం, మధ్యలో ఆపడం, చట్రానికీ చేతికీ మధ్య మెత్త వేయడం వంటివి పనికొస్తాయి. మెత్త మరీ మందమైతే అదురు వేళ్లకూ చేరదు. మళ్లీ అదే చిక్కు.

కరెంటు, నూనె, నీళ్లు

మన సెలూన్లలో ఈ యంత్రానికి అదనపు పరీక్షలున్నాయి. మనకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా యంత్రాలు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినవి. విద్యుదయస్కాంతంతో కొట్టుకునే రకమైతే సాధారణంగా కరెంటు పౌనఃపున్యానికి రెట్టింపు దెబ్బలు వేస్తుంది, కాబట్టి ఇక్కడ సెకనుకు 100, అక్కడ 120. యూనివర్సల్ మోటారుకు ఈ పౌనఃపున్యం పట్టింపు లేదు గానీ దాని కార్బన్ బ్రష్షులు అరిగిపోతాయి, వాటిని మార్చడానికి సులువుగా విప్పే మూతలు ఉండాలి. తడి తల, నూనె చేతులు, చేతికే కట్టిన మోటారు అన్నప్పుడు షాక్ భయం సహజం. లోహపు ఒంటి స్థానంలో ప్లాస్టిక్ ఒళ్లు, రెండు పొరల ఇన్సులేషన్ రావడం ఈ యంత్రంలో జరిగిన అతి ముఖ్యమైన భద్రతా మార్పు. మర్దన ఉపకరణాలకంటూ ఐఈసీ 60335-2-32 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. మణికట్టు పక్కన తీగ లోపలికి వెళ్లే చోటు ప్రతి కదలికకూ వంగుతుంది, ముందుగా తెగేది అక్కడే. అందుకే అక్కడ రబ్బరు తొడుగు పొడవుగా ఉండాలి. కొనేటప్పుడు చూడవలసిన మొదటి గుర్తు అది.

వాడకంలో ఒక జాగ్రత్త మరువరానిది. మెడకు రెండు పక్కలా నాడి కొట్టుకునే చోట దీన్ని ఆనించకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టినవారు, రక్తాన్ని పలచన చేసే మందులు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా చేయించుకోకూడదు.

మోటార్లు వేళ్ల కొసలకు

పేజర్లు, సెల్‌ఫోన్ల కోసం వచ్చిన నాణెమంత మోటార్లు, లిథియం అయాన్ బ్యాటరీలు ఈ యంత్రాన్ని తీగ నుంచి విడిపించాయి. ప్రతి వేలి కొసకూ ఒక మోటారు కుట్టిన గ్లవ్స్ వచ్చాయి. అవి తేలిక, చప్పుడు తక్కువ. కానీ పై లెక్క ఇక్కడా వర్తిస్తుంది. గ్రాము బరువు కూడా లేని ముక్క ఎంత గిరగిరా తిరిగినా భుజం కండరాన్ని కదపలేదు, చర్మం మీద చక్కిలిగింత పెట్టి ఊరుకుంటుంది. పైగా గుడ్డ అడ్డం వచ్చి వేళ్ల స్పర్శ పోయింది, ఈ యంత్రానికి ఉన్న అసలు గొప్పతనమే అది. 2016లో థెరాగన్‌తో మొదలైన మసాజ్ గన్‌ల వెల్లువ ఇంకో దారి పట్టింది. పక్క బరువును వదిలి, దండాన్ని మిల్లీమీటర్ల లోతున ముందుకూ వెనక్కూ కొట్టించి లోతు సాధించింది, వేళ్లను మాత్రం మళ్లీ పిడి మీదికే పంపింది.

వేళ్ల కొసల కంపనానికి వైద్య పరిశోధనలో వేరే ఉపయోగం కనిపించింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పీటర్ టాస్ బృందం పార్కిన్సన్ రోగుల వేళ్ల కొసలకు 250 హెర్ట్జ్ కంపనాలను ఒక క్రమంలో విడతలు విడతలుగా అందించే గ్లవ్స్‌ను పరీక్షించింది. మెదడులో ఒకే తాళంలో చిక్కుకున్న నాడీకణాల సమూహాలను విడదీయడం దాని ఉద్దేశం. 2021లో వెలువడిన ఫలితాలు ఆశాజనకంగా ఉన్నా అవి కొద్దిమంది రోగుల మీద జరిగిన ప్రయోగాలకు సంబంధించినవే. ఇందులో మోటార్లు కదపవలసింది కండరాన్ని కాదు, చర్మంలోని నరాల కొసలను. కాబట్టి మర్దనకు చాలని చిన్న మోటారు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది.