పన్నెండున్నర మార్కుల గీత

పాత తీర్పులు తిరగేస్తుంటే ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. జిల్లా జడ్జి కావాలంటే ఓపెన్ కేటగిరీ వాళ్లకు ఇంటర్వ్యూలో 25కి పన్నెండున్నర రావాలన్నారు. ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలే లేదు. ఆ గీత గీసింది ఇంటర్వ్యూలన్నీ అయిపోయాక!

ఇది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోదే. 2004లో 10 జిల్లా జడ్జి పోస్టులకు నోటిఫికేషన్ పడింది. 1026 మంది రాస్తే 83 మంది గట్టెక్కారు. రాతకు 75, ఇంటర్వ్యూకు 25 అని తీర్మానం; ప్రశ్నపత్రం మాత్రం 100 మార్కులకు ఇచ్చారు. అందుకని రాత మార్కుల్ని 75కి కుదించారు. అంతవరకూ న్యాయమే, ముందు చేసుకున్న తీర్మానమే అది. దాంతోపాటు రాతపరీక్షకున్న కనీస శాతాల్ని ఇంటర్వ్యూకీ అంటించారు. ఒక లెక్క వేసి చూడండి. రాతలో 80 వచ్చినవాడికి కుదింపులో 60, ఇంటర్వ్యూలో 12, మొత్తం 72. అతను బయటికి. రాతలో 56 వచ్చినవాడికి 42, ఇంటర్వ్యూలో 13, మొత్తం 55. అతను లోపలికి. నాకిది ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

మంజుశ్రీ కేసుగా వకీళ్లు చెప్పుకునే ఈ వివాదంలో 2008లో సుప్రీంకోర్టు కుదింపును ఉంచి, ఇంటర్వ్యూ గీతను చెరిపేసి, జాబితా మళ్లీ వేయమంది. ఆట ముగిశాక నియమం మార్చడం కుదరదంది.

ఇంటర్వ్యూకి బరువుండటమే తప్పని ఎవరూ అనలేదు. రాజస్థాన్ నుంచి వచ్చిన మరో కేసులో ఇంటర్వ్యూకి పాతిక శాతం ఎక్కువేమీ కాదని 1981లో తీర్పు రాసింది మన జస్టిస్ చిన్నపరెడ్డిగారే.

అంతకుముందు హర్యానాలో 15 ఖాళీలుంటే, 45 శాతం దాటినవాళ్లు 40 మంది ఉన్నా, 55 శాతం దాటిన ఏడుగురినే తీసుకున్నారు. 1973లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. హర్యానా, మంజుశ్రీ తీర్పులు రెండింటికీ పొత్తు కుదరదని 2013లో అనుమానమొచ్చి వ్యవహారం పెద్ద ధర్మాసనానికి వెళ్లింది. జాబితాలో చోటు వేరు, జాబితాలోంచి నియామకం వేరు, కాబట్టి రెండూ నిలుస్తాయని అయిదుగురు జడ్జీలు తేల్చారు.

ఈలోగా ఎందరి వయోపరిమితి దాటిపోయిందో! కేరళ జిల్లా జడ్జీల ఎంపికలోనూ ఇలాగే తర్వాత గీత గీశారు. అది అన్యాయమేనని 2023లో తేలింది. కానీ అప్పటికే ఆరేళ్లుగా పనిచేస్తున్నవాళ్లను కదపలేదు.

2013లో పెద్ద ధర్మాసనానికి వెళ్లిన ఆ కేసు రాజస్థాన్ హైకోర్టు అనువాదకులది. 13 పోస్టులకు 21 మంది పరీక్ష రాశారు. రాశాక 75 శాతం గీత గీసి ముగ్గురినే తీసుకున్నారు. నోటిఫికేషన్ 2009లో. తీర్పు 2024 నవంబరు 7న.