జింకు ముందు మైనస్ ఎలా వచ్చింది?

ఇంటర్ రెండో ఏడాది రసాయనశాస్త్రం పుస్తకంలో ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియళ్ల పట్టిక తీస్తే జింకు ఎదురుగా −0.76 వోల్టులు, రాగి ఎదురుగా +0.34 వోల్టులు కనిపిస్తాయి. 1940ల్లో అమెరికాలో చదువుకున్న కుర్రాడి పట్టికలో అంకెలు ఇవే. గుర్తులు మాత్రం తలకిందులు: జింకుకు ప్లస్, రాగికి మైనస్! లోహాలు మారలేదు, ప్రయోగమూ మారలేదు. ఈ తిరకాసు మూలం తెలియాలంటే వోల్టా దగ్గరికి వెళ్లాలి.

1800 మార్చి 20న ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఒక ఉత్తరం రాశాడు. వెండి బిళ్ల, జింకు బిళ్ల, వాటి మీద ఉప్పునీటిలో తడిపిన అట్టముక్క, మళ్లీ వెండి, మళ్లీ జింకు... ఇలా పేర్చుకుంటూ పోతే ఆ దొంతర నుంచి కరెంటు వస్తూనే ఉంటుందన్నది అందులోని కబురు. మరుసటి ఏడాది పారిస్‌లో నెపోలియన్ ఎదుట దాన్ని ప్రదర్శించాడు కూడా. అయితే దొంతరకు ఆయాసం ఎక్కువ. కాసేపు పనిచేసేసరికి హైడ్రోజన్ బుడగలు వెండికి అంటుకునేవి, కరెంటు నీరసించేది.

ఆ బుడగలను వదిలించినవాడు లండన్ కింగ్స్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యుడు జాన్ ఫ్రెడరిక్ డేనియల్. 1836లో ఆయన ఒక రాగి పాత్రలో మైలుతుత్తం ద్రావణం పోసి, మధ్యలో ఎద్దు గొంతు నుంచి తీసిన అన్నవాహికను గొట్టంలా వేలాడదీశాడు. దాని నిండా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం, అందులో జింకు కడ్డీ. తర్వాత గొంతు పోయి పూత లేని మట్టికుండ వచ్చింది. వేసవిలో మన కూజా చెమర్చుతుందే, అదే గుణం ఇక్కడ అక్కరకొచ్చింది. కుండ గోడ రెండు ద్రావణాలనూ కలిసిపోనివ్వదు, అయాన్ల రాకపోకలను అడ్డుకోదు. రాగి వైపు హైడ్రోజన్ బుడగలకు బదులు రాగే పేరుకుంటుంది. జింకు కడ్డీ సన్నబడుతుంది, మైలుతుత్తం నీలం పలచబడుతుంది, కరెంటు మాత్రం నిలకడగా వస్తుంది. మరుసటి ఏడాదే రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది.

టెలిగ్రాఫ్‌కు, అంటే తెలుగువాళ్లు తంతి అన్నదానికి, కావలసింది సరిగ్గా ఈ నిలకడే. 1860ల నాటికి కుండ కూడా అక్కర్లేని రకం వచ్చింది. గాజు జాడీ అడుగున బరువైన మైలుతుత్తం ద్రావణం, పైన తేలికైన జింకు సల్ఫేట్ ద్రావణం. జాడీని కదపకుండా ఉంటే చాలు. వోల్టు అనే కొలమానానికి పరిమాణం ఎంచుకున్నప్పుడు, ఇంచుమించు ఒక డేనియల్ ఘటం ఇచ్చేంత ఉండేలా చూసుకున్నారు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ దానికి ఆమోదముద్ర వేసింది. అందుకే ఈ ఘటం విలువ ఎక్కడో 7, 8 దగ్గర కాకుండా 1.1 దగ్గర ఉంటుంది.

ఆ 1.1లో జింకు వాటా ఎంత, రాగి వాటా ఎంత? కొలిచి చెప్పే దారి లేదు. వోల్టుమీటరుకు ఉండేవి రెండు తీగలు. ఒక కొన జింకుకు తగిలిస్తే రెండోది ఇంకోచోట తగిలించాల్సిందే. కొలతకు అందేది తేడా ఒక్కటే. కాబట్టి ఎక్కడో ఒకచోట సున్నా పెట్టుకోవాలి. ఎక్కడ అన్నదానిపై జర్మనీలో ఇద్దరు రసాయనవేత్తల మధ్య గట్టి వాదనే నడిచింది. ఆస్ట్‌వాల్డ్ పాదరసం ఎలక్ట్రోడ్‌ను పట్టుకుని అసలు విలువే కనిపెట్టవచ్చన్నాడు. నెర్న్‌స్ట్ మాత్రం హైడ్రోజన్‌కు సున్నా ఇచ్చేద్దామన్నాడు. చివరికి నిలిచింది నెర్న్‌స్ట్ మాటే. ప్లాటినం రేకు చుట్టూ హైడ్రోజన్ బుడగలు వదిలే ఆ ఎలక్ట్రోడ్‌తో పోల్చి మిగతా అన్నిటికీ అంకెలు వేశారు. ఇక లెక్క ఒక్క తీసివేతే: కాథోడ్ విలువ నుంచి ఆనోడ్ విలువ తీసేయడం. 0.34 నుంచి −0.76 తీసేస్తే 1.10.

పిల్లలు బోల్తా పడేది రాగి, వెండి ఘటం దగ్గర. ఒక రాగి పరమాణువుకు రెండు వెండి అయాన్లు కావాలి కదా అని వెండి 0.80ను రెట్టింపు చేసి 1.26 తెప్పిస్తారు. సరైన జవాబు 0.46. వోల్టు అంటే ఒక్కో కూలుంబ్ ఆవేశానికి దక్కే శక్తి. అయాన్లు రెండైతే ఎలక్ట్రాన్లూ రెండవుతాయి. మొత్తం శక్తి పెరుగుతుంది గాని వోల్టు పెరగదు.

ఇక గుర్తుల గొడవ. కాలిఫోర్నియా రసాయనవేత్త వెండెల్ లాటిమర్ 1938లో తెచ్చిన ప్రసిద్ధ గ్రంథంలో ఆక్సీకరణ పొటెన్షియళ్లు ఇచ్చాడు. ఎలక్ట్రాన్లు వదిలేయడానికి ఉబలాటపడే జింకుకు అందులో ప్లస్ దక్కింది. ఐరోపావాళ్లది వేరే పద్ధతి: మీటరు మీద జింకు కొన రుణంగా కనిపిస్తుంది కాబట్టి మైనస్సే. మీటరు చూపేది సమీకరణాన్ని ఎటునుంచి రాసినా మారదు. అందుచేత వాళ్ల పద్ధతిదే పైచేయి అనిపిస్తుంది. 1953లో స్టాక్‌హోమ్‌లో అంతర్జాతీయ రసాయనశాస్త్ర సమాఖ్య అదే తేల్చింది: ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అంటే ఇకపై క్షయకరణ పొటెన్షియలే.

తీర్మానం జరిగినంత తొందరగా పుస్తకాలు మారలేదు. గ్రంథాలయంలో పాత అమెరికన్ పుస్తకం దొరికితే లెక్క మొదలుపెట్టే ముందు జింకు వరస ఒకసారి చూసుకోండి. అక్కడ ప్లస్ ఉంటే, పట్టిక మొత్తం గుర్తులు తిరగేసి చదువుకోవాలి.