బెజవాడలో నడిచేవాళ్ల చట్టం ఎందుకు రన్ అవ్వట్లేదు?

ఫ్రెండ్స్, బెంజ్ సర్కిల్‌లో రోడ్డు ఎలా దాటతాం? చెయ్యి పైకెత్తి, దుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని దిగిపోతాం. ఇదేదో ఇవాళ మొదలైంది కాదు.

1855కల్లా ఇక్కడ కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. ఊళ్లోంచే కాలువలు పారాయి. పక్కనే రోడ్లు: బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు. పేర్లు గమనించండి, రెండూ వేరే ఊళ్లకి పోయే దారులే! మనూరు ఆ దారుల వెంబడే పెరిగింది. ఇప్పుడు 16, 65 నంబర్ల జాతీయ రహదారులు బెంజ్ సర్కిల్ దగ్గరే కలుస్తాయి. 2020లో అక్కడా, దుర్గగుడి దగ్గరా ఫ్లైఓవర్లు వచ్చాయి. లారీలు పైకెక్కాయి, నడిచేవాళ్లు కిందే ఉన్నారు.

మరి చట్టం లేదా? భేషుగ్గా ఉంది. జీబ్రా గీతల దగ్గర స్లో చెయ్యాలి, ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదు, పార్క్ చెయ్యకూడదు అని 1989 నిబంధనల్లోనే రాశారు. 2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ హక్కు ఆర్టికల్ 21లో భాగమేనంది. కోడ్ రాసి పెట్టుకున్నాం, రన్ చెయ్యట్లేదంతే.

2019 సవరణతో హెల్మెట్ జరిమానా వంద నుంచి వెయ్యి అయింది. మంచిదే. ఫొటో తీస్తే చలానా ఫోన్‌కే వస్తుంది. కానీ హెల్మెట్ కాపాడేది బండి నడిపేవాడి తలని. సంచి పట్టుకుని జీబ్రా మీద నిలబడ్డ మామ్మ గారి కోసం ఆగని కారుకి ఫొటో ఎవరు తీస్తారు?

అలాంటి చలానా పడ్డవాళ్లు మీలో ఉంటే చెప్పండి. నాకైతే ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు.