రాజమండ్రి నుంచి పాలకొల్లు దాకా ఒక ఆల్బం

నరసాపురం బస్సు రాజమండ్రి కాంప్లెక్సులోంచి కదులుతోంది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద నిలబడి “రావులపాలెం, పెనుగొండ, పాలకొల్లూ...” అని ఆఖరి కేక వేసి తలుపు లాగేశాడు. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఇరవై ఏళ్ళ కుర్రాడు నల్ల కవరు తొడిగిన రిథమ్ ప్యాడ్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. “ఇది లగేజీ కాదండీ, వాయించేది” అని కండక్టరుకి నచ్చజెప్పి ఒక్క టిక్కెట్టుతో బయటపడ్డాడు. పాలకొల్లులో పెళ్ళి ప్రోగ్రామట.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ‘బ్యాక్ ఆన్ ఎర్త్’ మొదలుపెడతాను. గిటారు అందుకుంటుంది. వెనక డ్రమ్ము పడుతుంది. ఆ రెండిటి మీదికి ఒక గొంతు లేస్తుంది, అంతే, బస్సు ఇంజను వినపడదు. మామూలుగా మగగొంతు పై స్థాయికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇది సన్నబడదు. గరుకుదేలి, ఇంకా వెడల్పవుతుంది. పాడేది గిరీష్ ప్రధాన్. ఊరు సిక్కింలోని గ్యాంగ్‌టాక్. 2009లో అక్కడ మొదలైన ‘గిరీష్ అండ్ ద క్రానికల్స్’ బృందానికి 2014లో వచ్చిన ఈ ఆల్బం మొదటిది. బేస్ గిటారు తమ్ముడు యోగేష్‌ది. ఎనభైల నాటి అమెరికా హార్డ్ రాక్‌నీ, గ్లామ్ మెటల్‌నీ హిమాలయాల కింద మళ్ళీ నిలబెట్టిన కుర్రాళ్ళు వీళ్ళు.

వేమగిరి దాటాం. కడియపులంక వస్తోంది. రోడ్డుకి రెండు వైపులా నర్సరీల్లో లైట్లు వెలిగి బంతి, చామంతి కుండీలు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. ఈ సంగీతానికి ఇంతకంటే తగిన వెలుతురు దొరకదు. గ్లామ్ మెటల్‌ది చీకటి కాదు, దీపాల కళ. లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ వెంట ఉన్న క్లబ్బుల్లో పుట్టింది. భుజాలు దాటే జుట్టు, పెదాలకి రంగు, కళ్ళకి కాటుక, చిరుతపులి మచ్చల బట్టలు. మాట్లీ క్రూ బృందం 1981లో ‘టూ ఫాస్ట్ ఫర్ లవ్’ అనే తొలి ఆల్బంని తమ సొంత లేబుల్ మీదే వేసుకుంది. రెండేళ్ళకే, 1983 నవంబరులో, క్వయెట్ రయట్ బృందం ఆల్బం ‘మెటల్ హెల్త్’ బిల్‌బోర్డ్ ఆల్బంల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. హెవీ మెటల్ ఆల్బం ఒకటి అంత ఎత్తుకి పోవడం అదే మొదలు. అప్పుడే పుట్టిన సంగీత ఛానెల్ ఎంటీవీకి ఈ రంగులన్నీ కావాలి, ఈ రంగులకి ఎంటీవీ కావాలి.

మగవాళ్ళు ముఖానికి రంగేసుకుని, నగలు పెట్టుకుని, గొంతు చించుకుని పాడటం మనకి వింతేమీ కాదు. గోదావరి జిల్లాల్లో పద్యనాటకం చూసినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. చిలకమర్తి వారి గయోపాఖ్యానం తెల్లవార్లూ ఆడిన నేల ఇది. కిరీటం మీద తళుకులు, భుజకీర్తులు, ముఖాన అర్దళం, పక్కన హార్మోనియం. పద్యం ఆఖరి పాదం మీద నటుడు రాగం తీస్తుంటే జనం ఊపిరి బిగబట్టేవాళ్ళు. దించగానే “వన్స్ మోర్!” అని అరిచేవాళ్ళు, ఆయన మళ్ళీ మొదటినుంచి అందుకునేవాడు. ఆ రాగాన్ని ఇష్టపడ్డ చెవికి గిరీష్ గొంతు పరాయిది కాదు. పాట చివర అతను ఒక స్వరాన్ని పట్టుకుని వదలకుండా పైకి తోస్తుంటే, నాకు లోపల్నుంచి వన్స్ మోర్ అనాలనిపిస్తుంది. వేషం అంత ఘనంగా వేసుకున్నాక గొంతు చిన్నబోకూడదు. నాటకానికైనా, ఈ సంగీతానికైనా నియమం అదొక్కటే.

కుర్రాడు నా చేతిలో ఫోను వైపు చూస్తున్నాడు. నా వేళ్ళు కిటికీ ఊచ మీద ఆడుతున్నాయని నాకు అప్పుడు తెలిసింది.

“ఏం పాటండీ బాబాయ్ గారూ?”

ఒక ఇయర్‌ఫోను తీసి ఇచ్చాను. ‘బార్న్ విత్ ఎ బిగ్ ఆటిట్యూడ్’ నడుస్తోంది. కళ్ళు మూసుకుని విన్నాడు. కాసేపటికి కుడిచేతి రెండు వేళ్ళు కవరు మీద దెబ్బ వేయడం మొదలెట్టాయి, పాటలోని స్నేర్ డ్రమ్ము పడే చోటే, ఒక్క వెంట్రుక వాసి తేడా లేకుండా.

“ఈ స్నేర్ చూడండి. పెద్ద హాల్లో కొట్టినట్టుంది గానీ మోత వెంటనే తెగిపోతోంది. ఇలాంటిది మా ప్యాడ్‌లో ఉందండీ, ఎయిటీస్ అని ఉంటుంది. ఎప్పుడూ వాడలేదు.”

సరిగ్గా పట్టుకున్నాడు. ఎనభైల రికార్డింగుల ముద్ర అదే. డ్రమ్ము చుట్టూ పెద్ద గది మోతని చేర్చి, ఆ మోత తోక సాగకముందే కత్తిరించేస్తారు. దెబ్బ భారీగా ఉంటుంది, కానీ తర్వాతి దెబ్బకి చోటు ఖాళీగా మిగులుతుంది. దాని మీద గిటారిస్టు అరచేతి అంచుతో తీగెల్ని అదిమిపట్టి చిన్న చిన్న ముక్కలుగా వాయిస్తాడు. పల్లవి రాగానే చెయ్యి ఎత్తేస్తాడు, తీగెలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. వెనక నలుగురైదుగురు గొంతు కలుపుతారు. పల్లవి ఊరంతా పాడుకునేలా ఉండాలి, లేకపోతే గ్లామ్ మెటల్ కాదు.

జొన్నాడ. బస్సు గౌతమి వంతెన ఎక్కింది. గాలి ఒక్కసారిగా చల్లబడి, తడిమట్టి వాసన లోపలికి కొట్టింది. కింద నీళ్ళు కనపడటం లేదు, దూరంగా లంకల్లో ఒకటో రెండో దీపాలు. ‘ఏంజెల్’ పెట్టాను. ఈ బాణీలో ప్రతి ఆల్బంకీ నెమ్మది పాట ఒకటి ఉండాలి, అంతవరకు గర్జించినవాడు బతిమాలుకోవాలి. చాలామంది అక్కడే దొరికిపోతారు, బతిమాలడం కూడా వేషంలాగే ఉంటుంది. గిరీష్ దొరకడు. అతను ఆ అమ్మాయిని నిజంగానే పిలుస్తున్నాడని నాకు నమ్మకం. కుర్రాడు వంతెన దాటేవరకు వేళ్ళు కదపలేదు.

రావులపాలెంలో బస్సు ఆగింది. అరటిగెలల లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. టీ తాగుతూ కుర్రాడు అడిగాడు, “ఇంత బాగుంటే మరి ఈ బాణీ ఎందుకు పోయిందండీ?”

1991 సెప్టెంబరులో నిర్వాణా అనే రాక్ బృందం ఆల్బం ‘నెవర్‌మైండ్’ వచ్చింది. 1992 జనవరికల్లా మైకేల్ జాక్సన్ ‘డేంజరస్’ని దించి మొదటి స్థానంలో కూర్చుంది. ముతక చొక్కాలు, దువ్వని జుట్టు, మనసులో బాధ. వాళ్ళ బాధ నిజమైనదే, ఆ పాటలూ గొప్పవే. కానీ ఆ దెబ్బకి తళుకంతా అబద్ధమని తీర్పు పడిపోయింది. ఆ తీర్పు అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను. సంతోషం కూడా బాధంత నిజమైనదే. తర్వాత కొందరు ఆ బాణీని ఎగతాళిగా వెనక్కి తెచ్చారు, విగ్గులు పెట్టుకుని నవ్వించారు. అలా కాక మనసుపెట్టి తెచ్చినవాళ్ళూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో ద డార్క్‌నెస్ తొలి ఆల్బం ‘పర్మిషన్ టు ల్యాండ్’ 2003లో వచ్చి అక్కడ మొదటి స్థానం కొట్టింది. స్వీడన్‌లో క్రాష్‌డైట్ 2005లో ‘రెస్ట్ ఇన్ స్లీజ్’ తెచ్చింది. కొద్ది నెలలకే, 2006 జనవరిలో, దాని గాయకుడు డేవ్ లెపార్డ్ పాతికేళ్ళకే చనిపోయాడు. ఆ ఆల్బం వింటే అతను ఒక్క మాట కూడా ఆటకి పాడలేదని తెలుస్తుంది.

గ్యాంగ్‌టాక్ వాళ్ళది ఈ రెండో తోవ. నెత్తిన విగ్గుల్లేవు, కన్నుగీటడాల్లేవు.

బస్సు మళ్ళీ కదిలింది. సిద్ధాంతం దగ్గర వసిష్ఠ దాటి హైవే వదిలేసి పెనుగొండ దారి పట్టాం. రోడ్డు పక్కనే కాలవ, కాలవ పక్కనే కొబ్బరిచెట్లు.

“తెలుగువాళ్ళెవరూ లేరాండీ ఇందులో?” అన్నాడు.

తెలుగు నేల మీద మెటల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది హైదరాబాదు గాడ్‌లెస్. కానీ అది డెత్ మెటల్. 2021లో వచ్చిన వాళ్ళ తొలి పూర్తి ఆల్బం ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’లో ఉన్నది వేరే తుఫాను. గ్లామ్ మెటల్‌కి తెలుగు బృందం పేరేదీ నా నోటికి రాలేదు. అయితే తీగెని కరెంటుకి తగిలించి ప్రపంచాన్ని కూర్చోబెట్టినవాడు నువ్వు దిగబోయే ఊళ్ళోనే పుట్టాడని చెప్పాను.

“మాండలిన్ శ్రీనివాస్ గారాండీ!”

ఆయనే. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి వయసు తొమ్మిదేళ్ళు. మామూలు మాండలిన్‌కి జంటలు జంటలుగా ఎనిమిది తీగెలుంటాయి. వాటి మీద గమకం పలకదు, మీటిన నాదం నిలవదు. ఆయన ఒంటి తీగెలు ఐదింటితో ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. తీగెని పక్కకి లాగితే స్వరం వంగింది, ఆంప్లిఫయర్ దాన్ని నిలబెట్టింది. రాక్ గిటారిస్టులు తీగె లాగి స్వరాన్ని ఏడిపించేదీ ఈ పద్ధతిలోనే. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కూర్చున్నప్పుడు పాలకొల్లు తీగె ఎలక్ట్రిక్ గిటారుకి ఎక్కడా తగ్గలేదు. మన దేవిశ్రీ ప్రసాద్ ఆయన శిష్యుడే. 2014 సెప్టెంబరు 19న, నలభై ఐదేళ్ళకే ఆ చెయ్యి ఆగింది. గ్యాంగ్‌టాక్ ఆల్బం వచ్చిందీ ఆ ఏడాదే.

మార్టేరు దాటాక గిరీష్ సంగతి మిగతాది చెప్పాను. డోకెన్ అని ఎనభైల్లో పెద్ద పేరున్న బృందం. దాని గిటారిస్టు జార్జ్ లించ్, బేస్ వాయించే జెఫ్ పిల్సన్ తర్వాత ‘ది ఎండ్ మెషీన్’ పెట్టుకున్నారు. 2024లో ‘ద క్వాంటమ్ ఫేజ్’ చేసేటప్పుడు గాయకుడిగా వాళ్ళు తీసుకున్నది గ్యాంగ్‌టాక్ కుర్రాణ్ణి. ఏ రికార్డులు విన్న తరం మనిషో ఆ రికార్డుల తాలూకు మనుషులే అతన్ని మైకు ముందు నిలబెట్టారు. నకలు కొట్టేవాడికి ఆ పిలుపు రాదు.

“అలా పిలిచారాండీ?” కుర్రాడు సీట్లో నిటారుగా కూర్చున్నాడు. “మళ్ళీ చెప్పండి, పేరు రాసుకుంటాను.”

దూరంగా క్షీరారామం గోపురం మీది దీపాలు కనపడుతున్నాయి. ఫోన్లో ఆల్బం పేరు తప్పుల్లేకుండా కొట్టుకున్నాడు. ఇయర్‌ఫోను తుడిచి నా చేతిలో పెట్టి, ప్యాడ్ భుజానికి ఎత్తుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“మా గిటారు అబ్బాయికి ఈ రాత్రే వినిపిస్తానండీ. రేపటి పెళ్ళికి అందదు గానీ, వచ్చే తీర్థానికి ‘ఏంజెల్’ పట్టేస్తాం. ఆ ఎయిటీస్ స్నేరు నేను చూసుకుంటాను, ఆయ్!”