లక్క పళ్ళెంలో గొంతు

మా మనవడు అమెరికా నుంచి వస్తూ ఈసారి నాకొక రికార్డు ప్లేయరు తెచ్చాడు. "ఇప్పుడక్కడ కుర్రాళ్ళంతా మళ్ళీ రికార్డులే కొంటున్నారు అమ్మమ్మా!" అన్నాడు, అదేదో తనే కనిపెట్టినట్టు. నిజమేనట. 2020లో అక్కడ రికార్డుల మీద వచ్చిన సొమ్ము సీడీల సొమ్మును దాటిపోయిందట. నేను మాత్రం ఆ పెట్టె విప్పగానే చూసింది ఒకటే, 78 చుట్ల మీటా, దానికి కావలసిన లావుపాటి ముల్లూ ఉన్నాయా అని. ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఎంచేతనంటే నా బీరువాలో పట్టుచీరల అడుగున, పాత తువ్వాలులో చుట్టిన రికార్డు ఒకటి అరవై ఏళ్ళుగా పడివుంది. అంచు విరిగిన రికార్డు.

ఆ విరగడం నా చలవే. అది తరవాత చెబుతాను.

పాతకాలపు రికార్డులు ఇట్టే విరిగేవి. అవి ఈనాటి ప్లాస్టిక్కువి కావు, లక్కవి. అవునండీ, హైదరాబాదు లాడ్ బజారులో మనం బేరమాడి కొనే గాజుల్లోని లక్కే. మోదుగ చెట్లమీదా, రేగు చెట్లమీదా చిన్న పురుగు పెట్టే జిగురు అది. దాన్ని శుద్ధిచేసి, రాతిపొడి కలిపి, నల్లరంగు వేసి అచ్చొత్తేవారు. చోటానాగపూరు అడవుల్లో గిరిజనులు కొమ్మల మీంచి గీకి తెచ్చిన లక్క ఓడలెక్కి వెళ్ళి, పాటై తిరిగొచ్చేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లక్క కరువై, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పాత రికార్డులు పోగుచేసి కరిగించి కొత్తవి చేశారు. ఆ కరిగిపోయిన వాటిలో ఎవరెవరి గొంతులు ఉన్నాయో!

మన దేశంలో ఈ కథ 1902 నవంబరులో మొదలైంది. లండన్ గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన కలకత్తా వచ్చి, హోటలు గదిలో బూరా బిగించుకుని కూర్చున్నాడు. అప్పటికి మైకు లేదు. పాడే మనిషి ఆ బూరాలో మొహం పెట్టి గట్టిగా పాడాలి. తప్పొస్తే దిద్దుకోవడం లేదు. గంటసేపు సాగే రాగాన్ని మూడు నిమిషాలలోపు ముగించాలి. పెద్దపెద్ద ఉస్తాదులు చాలామంది "అబ్బే, మాకొద్దు" అన్నారు. గొంతు పోతుందని కొందరి భయం, విద్య దారినపోయే వాళ్ళందరి పాలూ అవుతుందని కొందరి బెంగ.

ముందుకొచ్చింది ఆడవాళ్ళు. అందులోనూ సంసారుల ఇళ్ళలో గడపదాటి లోపలికి రానివ్వని ఆడవాళ్ళు. వాళ్ళలో గౌహర్ జాన్‌ది పెద్దపేరు. ఆవిడ వచ్చిన ప్రతిసారీ కొత్త నగలు పెట్టుకొచ్చేదనీ, పెట్టినవి మళ్ళీ పెట్టగా చూడలేదనీ గైస్‌బర్గ్ రాసుకున్నాడు. (మగవాళ్ళు కూడా ఇలాంటివి గమనిస్తారన్నమాట!) పాట ముగుస్తూనే ఆవిడ ఇంగ్లీషులో, "నా పేరు గౌహర్ జాన్" అని చెప్పేది. మైనపు అచ్చులు జర్మనీలోని హానోవరు వెళ్ళి అక్కడ రికార్డులయ్యేవి, 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టేదాకా. అక్కడివాళ్ళకి ఎవరి పాటో తెలియడానికే ఈ ఏర్పాటంటారు. కావచ్చు. కానీ ఆ మాట వింటే ఆనవాలు చెప్పినట్టుండదు, దర్జాగా సంతకం పెట్టినట్టుంటుంది.

ఇటు దక్షిణాదిన కోయంబత్తూరు తాయి, సేలం గోదావరి, బెంగుళూరు నాగరత్నమ్మ రికార్డులిచ్చారు. వాళ్ళ పాటలో మన తెలుగు కీర్తనలుండేవి. వీళ్ళెవరినీ పేరంటానికి పిలవని ఇళ్ళలో కూడా వీళ్ళ గొంతులు సావిట్లో బల్లమీద దర్జాగా కూర్చుని పాడాయి.

మా ముత్తాతగారింటికీ అలాంటి రికార్డొకటి వచ్చింది. ఒకావిడ పాడిన త్యాగరాజ కీర్తన. ఆయన తరవాత పెట్టెతో సహా అమ్మమ్మకి దక్కింది. అమ్మమ్మది మంచి గొంతని ఊళ్ళో అందరూ అనేవారు గానీ, వినివుంటారని నేననుకోను. కోడలుపిల్ల పాడటమేమిటనే రోజులు. ఆ రికార్డే ఆవిడకి గురువు. మధ్యాహ్నం భోజనాలై, మగవాళ్ళు నిద్రపోయాక, పెట్టెకి కీ ఇచ్చి ముల్లు ఆనించేది. ప్రతి పక్కకీ కొత్త ముల్లు వెయ్యాలన్నది నియమం. మా తాతగారు పొదుపరి కావడంతో ఒక్క ముల్లు పదిసార్లు తిరిగేది. ఆ గరగరలోనే, రికార్డు గొంతు చాటున తన గొంతు దాచుకుని, అమ్మమ్మ పాడేది.

రేడియో అయితే బియ్యం ఏరుకుంటూ వినొచ్చు. రికార్డుకి అలా కుదరదు. తుడవాలి, పెట్టాలి, పక్కన కూర్చోవాలి, మూడు నిమిషాలకల్లా లేచి తిప్పాలి. పనున్న మనిషికి పనికిరాని సరదా. అమ్మమ్మ రోజంతటిలో పనిలేకుండా కూర్చున్నది ఆ కాసేపే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఆ రికార్డు మీద చిన్న దోసకాయ పెట్టి తిప్పుదామనుకున్నాను. జారి పడింది. అంచున అర్ధచంద్రాకారంలో ముక్క ఊడింది. అమ్మమ్మ కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం, ఊడిన మేర వదిలేసి ముల్లు కాస్త లోపలగా పెట్టింది. పల్లవి పోయింది. అనుపల్లవి నడుమ నుంచి పాట అందుకుంది. ఆ పోయిన పల్లవిని, ముల్లు ఆనించేముందు, అమ్మమ్మే పాడింది. మొదటిసారి, ఏ చాటూ లేకుండా. లోపల మా తాతగారి గురక ఆగింది. అమ్మమ్మ ఆగలేదు.

తరవాత ఎల్పీలొచ్చాయి. విరగవు, ఒక్కో పక్కా ఇరవై నిమిషాలు. పదేళ్ళ పిల్లగా తొలి రికార్డు ఇచ్చిన సుబ్బులక్ష్మిగారు 1963లో శ్రీవేంకటేశ్వర సుప్రభాతం ఇచ్చారు. దాని రాయల్టీ తిరుమల తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకి రాసిచ్చారు. మా వీధిలో తెల్లవారేది దానితోనే. నేనూ ఉద్యోగంలో చేరాక జుమ్మెరాత్ బజారులో తిరిగి తిరిగి ఓ రెండువందల రికార్డులు పోగేశాను. దుమ్ములో ఒక్కొక్కటీ తిరగేస్తుంటే వేళ్ళు నల్లబడేవి. ఎన్ని తిరగేసినా అమ్మమ్మ రికార్డుకి జత మాత్రం దొరకలేదు. చీటీ మీద అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి, అడగడానికైనా పాడినావిడ పేరు తెలియదు.

మొన్న రాత్రి మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని ముల్లు లోపలగా పెట్టాను. పాట అయింది. చివర్న గరగరలో ఆవిడ తన పేరు చెప్పింది. ఎప్పటిలాగే సగమే వినపడింది, "...రత్నం" అని. వాడు "నాకు '...రత్తమ్మ' అని వినపడింది" అన్నాడు. మళ్ళీ పెట్టాం. పదకొండైంది. ఈసారి "ముందు పల్లవి నువ్వు పాడవే" అన్నాడు.